ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ కొన్నా, పాట కంటే ఫ్యానే ఎక్కువ వినపడతా ఉంది. మన నెల్లూరు, ఒంగోలు వాళ్ళు ఎట్టా వింటున్నారు?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవటమే గానీ రాయటం ఇదే ఫస్టు టైము, తెలిసీ తెలియక ఏదన్నా రాసుంటే నవ్వబాకండి.

నాకు పాటల పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉంది, మా నాయన టేప్‌రికార్డర్ దగ్గర మొదలైన పిచ్చి. నాలుగేళ్ళుగా బ్లూటూత్ బడ్స్‌తో లాగిస్తా వచ్చా. మీ పోస్టులు చదివి చదివి ఓపెన్‌బ్యాక్ (వెనక మూత లేకుండా జాలీ ఉండే రకం) మీద మనసు పడింది. పోయిన నెల మద్రాసులో ఒకాయన అమ్ముతున్నాడంటే పొద్దున ట్రైనుకి పోయా. 300 ఓమ్స్ (కరెంటుని అడ్డుకునే లెక్క), మామూలు డైనమిక్ డ్రైవరు (కోనూ కాయిలూ ఉండే, సౌండు పుట్టించే బిళ్ళ). బ్రాండు చెప్పను, చెప్తే ఆ బ్రాండు గొప్పా ఈ బ్రాండు గొప్పా అని గొడవ మొదలయ్యి నా ప్రశ్న పక్కకి పోద్ది.

ఆయన రూములో తలుపేసి, ఏసీ సన్నగా పెట్టి, చిన్న ఆంప్ (సౌండు పెంచే యాంప్లిఫయర్) ఒకదానికి తగిలించి వినిపించాడు. బాలుగారి పాత పాట. ఏం చెప్పమంటారు, పల్లవి ఎత్తుకోబోయే ముందు ఆయన గాలి పీల్చుకోవటం వినపడింది. ఆ పాట ఎన్ని వందల సార్లు విన్నానో, ఆ ఊపిరి మాత్రం ఎప్పుడూ వినలా. మన నెల్లూరాయన నా పక్కన కుర్చీ వేసుకుని పాడతన్నట్టుంది. ఇంకేముంది, బేరం కూడా ఆడకుండా 22 వేలు చేతిలో పెట్టి, పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశా.

ఇంటికొచ్చాక మొదలైంది కథ. మేముండేది వేదాయపాళెంలో మేడ మీద పోర్షను. రాత్రి పదిన్నరకి పిల్లోడు పడుకున్నాక మంచం మీద చేరగిలబడి తలకి పెట్టుకున్నా. పాటకంటే ముందు ఫ్యాను వినపడింది! పన్నెండేళ్ళ నాటి ఫ్యాను, తిరిగేటప్పుడు కటక్ కటక్ అంటా ఉంది, ఇన్నాళ్ళూ ఆ శబ్దం ఉన్నట్టే నాకు తెలియదు. దానికి తోడు కింద ఓనరు గారి నీళ్ళ మోటారు, పదకొండింటికి గూడ్సు బండి. వాల్యూం పెంచుకుంటా పోయా పోయా, ఫోన్‌కి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న డాంగిల్‌లో ఫుల్లు పెట్టేశా, అప్పుడు మా ఆవిడ లేచి "ఏందయ్యా ఆ దోమ సంగీతం, నాక్కూడా వినపడతా ఉంది" అని దుప్పటి ముసుగేసుకుంది. ఫ్యాను ఆపుదామా అంటే ఇది మే నెల, ఇంట్లోంచి నన్నే ఆపేస్తారు.

ఇంకోటి, బేసు. బడ్స్‌లో గుండెల మీద కొట్టినట్టుండే బేసు ఇందులో ఏమైపోయిందో. ఉందా అంటే ఉంది, మర్యాదగా ఉంది. ఆంప్ కొనాలా? సగానికి అమ్మేసుకోవాలా? లేకపోతే నాకే వినటం చేతకావట్లేదా? వస్తువులో తప్పు లేదని నాకు తెలుసు, మద్రాసులో నా చెవులతోనే విన్నాగా. మరి మా ఇంట్లో ఏమైంది?

కావలి_కాలవగట్టు

నీ ప్రశ్నలోనే జవాబుంది తమ్ముడూ, నువ్వు హెడ్‌ఫోన్ కొన్నావు, మద్రాసాయన రూముని కొనుక్కోలా.

దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని వెనకవైపు జాలీ చూడు. నీ పాత బడ్స్‌లోనో, క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లోనో డ్రైవరు వెనక డబ్బా మూసేసి ఉంటది. డ్రైవరు ముందుకి ఎంత గాలి తోస్తదో వెనక్కీ అంతే తోస్తది, ఆ వెనక సౌండు డబ్బా గోడకి కొట్టుకుని తిరిగొచ్చి ముందు సౌండుతో కలిసి గుప్పుమంటది. దీంట్లో ఆ గోడే లేదు, వెనక సౌండు జాలీలోంచి బయటికి పోద్ది. అందుకే పాట తలకాయ లోపల కాకుండా కాస్త బయట జరుగుతున్నట్టు ఉంటది, గొంతు మీద డబ్బా మోత ఉండదు. నీకు ఆ ఊపిరి వినపడింది అందుకే. గోడ లేదు కాబట్టి లోపలి పాట మీ ఆవిడ దాకా పోద్ది, బయటి ఫ్యాను నీ చెవి దాకా వస్తది. అది డిఫెక్టు కాదు, వస్తువు గుణమే అంత. 1968లో సెన్‌హైజర్ వాళ్ళు హెచ్‌డి 414 అని పసుపు ఫోం ముక్కలతో తెచ్చారు, ప్రపంచంలో మొదటి ఓపెన్ హెడ్‌ఫోన్ అదే, దాన్నుంచి ఈ రోజు లక్షల్లో అమ్మేవాటి దాకా అన్నిటికీ ఇదే గుణం.

బేసు సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. వెనక సౌండు చుట్టూ తిరిగి ముందుకొచ్చి, బాగా కింది బేసుని కొట్టేస్తది, ఇద్దరు ఎదురెదురుగా తలుపు తోసినట్టు. డైనమిక్ ఓపెన్‌బ్యాక్‌లో ఎక్కువ భాగం 80, 100 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ బేసు జారిపోతా ఉంటది. నీ బడ్స్‌లో అయితే రబ్బరు బుడిపె చెవి రంధ్రాన్ని బిరడా కొట్టేస్తది, పైగా కంపెనీ వాడు బేసు కావాలనే ఎక్కువ పోసి ఉంటాడు. నాలుగేళ్ళు ఆవకాయతో తిన్నోడికి ఉత్త పప్పన్నం పెడితే చప్పగానే ఉంటది మరి. ఒక పదిహేను రోజులు బడ్స్ ముట్టుకోబాక, నాలిక దారికొస్తది.

ఇంక ఫ్యాను. నేను మూడేళ్ళు దీంతోనే కొట్టుకున్నా. ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి రెక్కలు సరిచేయించు, ఆ కటక్ కటక్ సగం అక్కడే పోద్ది. రెగ్యులేటర్ వల్ల ఫ్యాను స్పీడు తగ్గించినప్పుడు కొన్ని గుయ్యిమంటాయి, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను వేస్తే ఆ గుయ్యి ఉండదు, కరెంటు కూడా సగానికి తక్కువే కాలుద్ది, గాలి సౌండు మాత్రం ఎవడూ తీయలేడు. నేను చేసేదేందంటే ఫ్యాను కింద కూచోను. ఫ్యాను గాలి నేరుగా జాలీ మీద పడితే ఇంకా దరిద్రం. హాల్లో ఓ మూల కింద కూచుని, టేబుల్ ఫ్యాను దూరంగా కాళ్ళ వైపు పెట్టుకుంటా. కూలర్ జోలికి మాత్రం పోబాక, దానికంటే ఆర్టీసీ బస్సులో ఇంజన్ పక్క సీటు మేలు.

నల్లరాయి (చీమకుర్తి)

మిగతావన్నీ పక్కన పెట్టన్నా, నువ్వు "వాల్యూం పెంచుకుంటా పోయా పోయా, ఫుల్లు పెట్టేశా" అన్నావే, అక్కడ నాకు భయమేసింది.

నేను చేసేది గ్రానైటు ఫ్యాక్టరీలో. గెలాక్సీ రాయి పేరు వినే ఉంటారు, దాన్ని పలకలుగా కోసే మిషన్ల దగ్గర. మా దగ్గర ఇరవై ఏళ్ళ సర్వీసున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఇంట్లో టీవీ పెడితే వీధి చివర షాపు దాకా వార్తలు వినపడతాయి. ఫోన్లో "ఆ? ఆ?" అంటా ఉంటాడు. ఆయనకి చెముడు ఒక్క రోజులో రాలా. ముందు పోయేది సన్న సౌండ్లు, పిట్టల అరుపు, "స" "ష" తేడా. నువ్వు ఏ ఊపిరి వినపడిందని 22 వేలు పెట్టావో, చెవి దెబ్బతింటే ముందు పోయేది అట్టాంటి సన్నవే.

లెక్క చెప్తా చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దాకా పర్లేదని. అక్కడ్నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ టైము సగం చేసుకోవాలి. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. 95 దగ్గర వారం మొత్తానికి గంటా పావు. ఇప్పుడు మీ రూములో ఫ్యాను 50 ఉందనుకో. పాటలో మెల్లగా వచ్చే ముక్క 40లో ఉంటే అది ఫ్యానులో మునిగిపోద్ది. దాన్ని పైకి తేల్చటానికి నువ్వు 15 పెంచావు. మెల్లటి ముక్క 55కి వచ్చింది, సంతోషం. అదే పాటలో 80 దగ్గర గట్టిగా వచ్చే కోరస్సు 95కి పోయింది. అది నీకు తెలియదు, ఎందుకంటే ఓపెన్‌బ్యాక్‌లో గట్టి సౌండు కూడా చెవిలో గుచ్చుకోదు, హాయిగా ఉంటది, అదే మోసం.

ఫోన్లో సౌండు మీటర్ యాప్ కచ్చితంగా చూపించదు గానీ, ఫ్యాను వేసినప్పటికీ ఆపినప్పటికీ తేడా ఎంతో చూసుకోటానికి పనికొస్తది. చూసుకో.

ట్యూబులైటు (ఒంగోలు)

అందరూ ఫ్యాను ఫ్యాను అంటున్నారు గానీ అసలు సంగతి వదిలేశారు. 300 ఓమ్స్‌ని డాంగిల్‌కి తగిలించి బేసు రాలేదంటే ఎట్టా వస్తది బాసూ, అంబాసిడర్ కారుకి మోపెడ్ ఇంజను పెట్టినట్టు ఉంది యవ్వారం. మద్రాసాయన ఆంప్‌తో వినిపించాడని నువ్వే రాశావుగా. ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో నడిచేది) ఒకటి తీసుకో. ఓటీఎల్ రకం, అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేనిది. 300 ఓమ్స్ వాటికి దానికీ మేనమామ మేనకోడలు వరస, అట్టా కుదురుద్ది. నా దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డి 600 ఉంది, 1997లో వచ్చిన మోడలు, ఈనాటికీ అమ్ముతున్నారంటే చూసుకోండి. ట్యూబులు వేడెక్కాక రాత్రి పూట లైటు ఆపి వింటే ఆ ఎర్రటి వెలుగులో గొంతుకి ఒక చమక్కు వస్తది, అది మాటల్లో చెప్పలేను.

కావలి_కాలవగట్టు

ట్యూబులైటన్నా, నీ ఆంప్ నేనూ విన్నా, బాగుంటది, కాదన్లా. ఒంగోలు ఎండల్లో ఆ ట్యూబుల పక్కన చొక్కా విప్పి కూచున్నావు, అది కూడా గుర్తుంది నాకు.

కానీ కుర్రోడికి లెక్క కరెక్టుగా చెప్పాలి. హెచ్‌డి 650 తీసుకుందాం, అదీ 300 ఓమ్సే. 1 వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్స్ అని స్పెక్‌లో ఉంది. సుమారైన డాంగిల్ 1 వోల్ట్ ఇస్తది. 300 ఓమ్స్‌లోకి 1 వోల్ట్ అంటే 3 మిల్లీవాట్లు చిల్లర, అంతే, దానికే అంత మోత. ఈనాటి సినిమా పాటలు మొదట్నుంచీ చివరిదాకా గట్టిగానే నొక్కి పెట్టి ఉంటాయి, వాటికి ఆ 1 వోల్ట్ చాలు, చెవులు పోటానికి కూడా చాలు. చాలనిది యాడంటే కచేరీ రికార్డింగుల్లో. అక్కడ సగటు సౌండుకీ, పెద్ద దెబ్బకీ 20 డెసిబెల్స్ తేడా ఉండొచ్చు, అప్పుడు డాంగిల్ ఫుల్లు పెట్టినా సగటు 83 దగ్గరే ఉంటది. ఫోన్ని బట్టి డాంగిల్ పూర్తి వోల్టేజి ఇవ్వకపోవటం కూడా ఉంది. అందుకని మామూలు చిన్న ఆంప్ ఒకటి ఉంటే మంచిదే. అది వాల్యూం కోసం, పెద్ద దెబ్బలకి పైన కాస్త ఖాళీ ఉండటం కోసం. బేసు పుట్టిస్తదని మాత్రం కొనబాక.

నీ ట్యూబుల్లో బేసు పెరిగినట్టు అనిపించేది ఎందుకో కూడా చెప్పు మరి. ఆ ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ, అంటే ఆంప్ లోపలే కరెంటుకి అడ్డు ఎక్కువ. ఈ హెడ్‌ఫోన్లు 300 అని రాసినా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఇంకా పైకి పోతాయి, అక్కడ వోల్టేజి ఎక్కువ పడి మధ్య బేసు ఉబ్బుద్ది. అదే పని ఫోన్లో ఈక్వలైజర్‌తో పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. 100 కింద ఒక 4 డెసిబెల్స్ ఎత్తు, ఎత్తినంతా ముందు ప్రీఆంప్‌లో (ఈక్వలైజర్లో మొత్తం వాల్యూం మీట) తగ్గించు, లేకపోతే దెబ్బ దెబ్బకీ చిరిగినట్టు వస్తది.

ట్యూబులైటు (ఒంగోలు)

పైసా ఖర్చు లేకుండా పులిహోర కూడా ఫోటో చూసి తినొచ్చు కావలన్నా. సర్లే, లెక్క కరెక్టే. కానీ చొక్కా సంగతి ఇక్కడ రాయాల్సింది కాదు.

రొయ్యలగుంట (మైపాడు సైడు)

మీరంతా ఒక్క ఫ్యానుకే ఇంత ఏడుస్తున్నారు, నా బాధ ఎవరితో చెప్పుకోవాలి. మా ఇంటికి మూడు వైపులా రొయ్యల గుంటలే. రాత్రయితే ఆక్సిజన్ పడిపోద్దని ఏరియేటర్లు వేస్తాం, తెల్లవార్లూ ఆ చక్రాలు నీళ్ళని కొడతానే ఉంటాయి, డబడబడబ. కరెంటు పోయిందా, నిశ్శబ్దం కాదు, డీజిల్ జనరేటర్ లేస్తది, అది ఇంకా మోత. నా దగ్గర ప్లానర్ ఉంది. చిన్న కోను, కాయిలు కాకుండా పల్చటి రేకులాంటి పొర మొత్తం మీద తీగ పరిచి ముందూ వెనకా అయస్కాంతాలు పెడతారే, ఆ రకం. ఓపెన్‌బ్యాకే అయినా బేసు కిందిదాకా నిటారుగా వస్తది, జారదు. పెన్నాగట్టన్నకి నిజంగా బేసే కావాలంటే ఆంప్ కంటే ఆ దారి చూడటం మేలు. కాకపోతే బరువు, రెండు గంటలు పెట్టుకుంటే మెడ పట్టుకుంటది. ఓమ్స్ తక్కువ కదా ఫోన్‌తో లాగిద్దామని కొనబాకండి, వాటిల్లో చాలావాటికి సెన్సిటివిటీ (ఇచ్చిన పవరుకి ఎంత సౌండిస్తదో ఆ లెక్క) తక్కువ, కరెంటు బాగా పీకుతాయి.

నేను దాన్ని ఎప్పుడు వింటానో తెలుసా. పట్టుబడి అయిపోయి, గుంటలు ఎండబెట్టినప్పుడు. ఆ ఇరవై రోజులు ఏరియేటర్లు ఉండవు. రాత్రి ఆరుబయట మంచం వేసుకుని, గట్టు మీద పెట్టుకుంటా. దూరంగా సముద్రం హోరు వస్తా ఉంటది, ఓపెన్‌బ్యాక్ కాబట్టి అదీ వినపడతది, పాటా వినపడతది, రెండూ పోట్లాడుకోవు. మిగతా పంటకాలమంతా 3 వేల రూపాయల క్లోజ్డ్‌బ్యాకే నాకు దిక్కు. సిగ్గేం లేదు.

ఇంకొక ముక్క, మన సముద్రపు గాలికి జాక్ పిన్నులు చిలుమెక్కుతాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వెయ్యండి, మందుల డబ్బాల్లో వచ్చేది చాలు.

వీణతీగ (ఒంగోలు)

నేను పిల్లలకి వీణ చెప్తాను. నా హెడ్‌ఫోన్ ముఖ్యంగా పాత కచేరీలు విని స్వరాలు రాసుకోటానికి, సరదాకి తర్వాత. కాబట్టి వేరే వైపు నుంచి చెప్తా.

తమ్ముడూ, బేసు లేదు అన్నావు కదా. నువ్వు ఏ పాటతో చూశావు? మృదంగం ఉన్న కచేరీ ఒకటి పెట్టు. కుడివైపు మూతకి నల్లటి కరణి ఉంటుంది, ఎడమవైపు తొప్పికి కచేరీ ముందు రవ్వ ముద్ద తడిపి అంటిస్తారు, ఆ ముద్ద వల్లే తొప్పికి ఆ గంభీరమైన గుమికీ వస్తుంది. అరచేతి మడమతో తొప్పి మీద నొక్కి జరిపినప్పుడు శబ్దం "గుమ్మ్" అని కిందనుంచి పైకి వంగుతుంది చూశారా, పావురం కూసినట్టు. నీ బడ్స్‌లో అది ఒట్టి "డబ్" అని వినపడి ఉంటుంది, ఎక్కువే వినపడి ఉంటుంది. ఓపెన్‌బ్యాక్‌లో ఆ వంపు వినపడుతుంది. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, చెయ్యి ఎప్పుడు తీశాడు. అదే బేసు నాకు. కొట్టే బేసు కావాలంటే సినిమా హాలుకి వెళ్తాను.

వీణలో అయితే మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం పలికిస్తాం కదా, మీటు ఒక్కటే, స్వరాలు మూడు. చివరి స్వరం వచ్చేసరికి శబ్దం సన్నబడిపోయి ఉంటుంది. ఫ్యాను తినేసేది సరిగ్గా ఆ మూడో స్వరాన్నే. అందుకని నేను స్వరం రాసే పని తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు లోపల పెట్టుకుంటాను. అప్పుడు వేసవిలో కూడా ఫ్యాను లేకుండా గంటన్నర కూచోవచ్చు. ఆ టైములో వాల్యూం ఎంత పెడతానో తెలుసా, రాత్రి పెట్టేదాంట్లో సగం. అంతకంటే ఎక్కువ పెడితే చెవికే గట్టిగా అనిపిస్తుంది.

పాత సినిమా పాటలకి ఒక మాట. ఘంటసాల గారి కాలం రికార్డింగులు మోనో. రెండు చెవుల్లోనూ ఒకటే సౌండు కాబట్టి ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ అయినా పాట నుదుటి మధ్యలోనే ఉంటుంది, విశాలం రాలేదని బాధపడకు. వాటిని ఎవరో "స్టీరియో" చేశామని బేసు ఒక చెవికీ ట్రెబుల్ ఒక చెవికీ పంచి పెడుతుంటారు, వాటి జోలికి పోకు, తలనొప్పి. అసలు మోనోనే వెతుక్కో. వీడియో సైట్లలో ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించినవి కాకుండా, లాస్‌లెస్ (సౌండు ఏమీ కోసెయ్యకుండా) ఇచ్చే సర్వీసులో వాళ్ళ కంపెనీ పెట్టినవి విను. యాపిల్ మ్యూజిక్ వాళ్ళు 2021 నుంచి లాస్‌లెస్‌కి వేరే డబ్బులు అడగట్లేదు. ఫైలు 320 కేబీపీఎస్‌కి కుదించింది అయినా, సీడీ నాణ్యత అయినా నాకు పెద్ద తేడా తెలియదు, నిజం చెప్తున్నా. కానీ మంచి కాపీకీ, చెడ్డ కాపీకీ తేడా మా అయిదో తరగతి పిల్లలు కూడా చెప్తారు.

నల్లరాయి (చీమకుర్తి)

అక్కా, ఆ "మీటు ఒక్కటే స్వరాలు మూడు" చదివి ఇప్పుడే వీణ పెట్టుకుని విన్నా. మూడోది దొరకలా. ఫ్యాను ఆపా, దొరికింది. చెమట కారతా ఉంది గానీ దొరికింది.

పెన్నాగట్టు (నెల్లూరు)

పదిహేను రోజులైంది, వచ్చి చెప్తానన్నా కదా అనుకోబాకండి, నేనేం చెప్తాననలేదు గానీ చెప్పకపోతే బాగోదు.

ముందు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రెక్క వంకర కాదంట, పైన రాడ్డు దగ్గర బోల్టు లూజు. పన్నెండేళ్ళ కటక్ కటక్ రెండు నిమిషాల్లో పోయింది, 150 తీసుకున్నాడు. మా ఆవిడ "ఈ హెడ్‌ఫోన్ కొనకపోతే ఆ ఫ్యాను ఎప్పుడో నెత్తిన పడేది" అంది, మా ఇంట్లో దానికి దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

ఆంప్ ఇంకా కొనలా. లాప్‌టాప్‌కి పెట్టి చూశా, చార్జర్ గుచ్చితే గుర్‌మని మోత, తీస్తే పోతా ఉంది. నల్లరాయన్న చెప్పినట్టు మీటర్ యాప్ పెట్టి చూస్తే ఫ్యాను 4లో ఉన్నప్పటికీ ఆపినప్పటికీ 17 తేడా. అంటే రోజూ నేను ఆ 17ని పాటతో కప్పటానికి వాల్యూం ఎక్కిస్తా ఉన్నట్టేగా.

వీణతీగక్క మాట మీద పొద్దున నాలుగున్నరకి అలారం పెట్టా. మొదటి రెండు రోజులు అలారం ఆపేసి పడుకున్నా. మూడో రోజు లేచి, హాల్లో గోడకి ఆనుకుని కింద కూచున్నా, ఫ్యాను లేదు, ఊరు లేదు, గూడ్సు బండి కూడా లేదు. మృదంగం ఉన్న కచేరీ పెట్టా. అక్క చెప్పిన తొప్పి వంపు కోసం చెవులు రిక్కించుకుని కూచుంటే ఇంకోటేదో వినపడింది. వెనక తంబూరా. ఆ పాట నా ఫోన్లో ఎన్నేళ్ళనుంచో ఉంది, అందులో తంబూరా ఉందనే నాకు తెలియదు! నాలుగు తీగలు ఒకదాని తర్వాత ఒకటి, చివరిది లావుగా, ప్రతిసారీ చివర్లో తేనెటీగ లాగా ఒక జీర. ఆపకుండా అదే విన్నా కాసేపు, పాట సంగతి వదిలేసి. వాల్యూం చూస్తే సగానికి కూడా లేదు. ఆ తర్వాత తొప్పి కూడా దొరికిందిలే, అక్క చెప్పింది కరెక్టే, పావురమే.

అయిదింటికి గుడి మైకు మొదలైంది, అయిపోయింది నా కచేరీ. అంటే నాకు రోజుకి అరగంట. 22 వేలు పెట్టి అరగంటా అని మా తమ్ముడు నవ్వాడు. అమ్మటం లేదు. రాత్రిళ్ళకి మళ్ళీ బడ్సే, తక్కువ సౌండులో. ఈక్వలైజర్ పెట్టి 3 ఎత్తా, తర్వాత మళ్ళీ తీసేశా, ఎందుకో అవసరం అనిపించలా.

ఒక్క డౌటు మిగిలింది. వెల్వెట్ గుడ్డ లాంటి ప్యాడ్స్ కదా, అరగంటకే చెమటకి తడిసి వాసనొస్తా ఉన్నాయి. పాతాయన ఎన్నాళ్ళు వాడాడో, కాస్త అణిగిపోయి కూడా ఉన్నాయి. కడగొచ్చా?

కావలి_కాలవగట్టు

కడగొచ్చు. నెమ్మదిగా చుట్టూ పట్టుకుని లాగితే ఊడొస్తాయి, లోపల డ్రైవరు మీదుండే పల్చటి ఫోం బిళ్ళ ప్యాడ్‌తో పాటు ఊడొస్తే దాన్ని తీసి విడిగా పెట్టు. గోరువెచ్చటి నీళ్ళు, రొంత షాంపూ, పిండబాక, టవల్లో అద్ది నీడన ఆరెయ్యి. అణిగిపోయాయంటున్నావు కాబట్టి కొత్త జత కూడా చూసుకో, ప్యాడ్ అణిగితే డ్రైవరు చెవికి దగ్గరై సౌండు మారిపోద్ది, అది కూడా కొనేటప్పుడు ఆయన చెప్పుండాల్సింది. మేడ మీద ఎండలో మాత్రం పెట్టబాక. మా ఫ్రెండు ఒకడు పిట్టగోడ మీద ఆరేస్తే కోతి ఒకటి ఎత్తకపోయింది, ఆ ఒక్క ప్యాడ్ కోసం జత కొన్నాడు.

పెన్నాగట్టు (నెల్లూరు)

మా దగ్గర కోతులు లేవన్నా, కాకులుండాయి. బాత్రూంలో ఆరేస్తా.